బుల్లెట్ ట్యాంకు మీద ఆ ఎర్ర జెండా స్టిక్కర్: ఉంచాలా, పీకాలా?

పెన్నా_గట్టు (నెల్లూరు):

అన్నలూ అక్కలూ, ఒక విషయం తేల్చుకోలేక అడగతా ఉండా. పోయిన సంవత్సరం నా బుల్లెట్‌కి పెయింట్ వేయించినప్పుడు ట్యాంకుకి రెండు పక్కలా ఒక స్టిక్కర్ కొట్టిచ్చినా. ఎర్ర రంగు మీద నీలం పట్టీలు రెండు ఇంటూ మార్కు మాదిరి అడ్డంగా పోతాయి, ఆ నీలంలో తెల్ల నక్షత్రాలు. షాపతను రెబెల్ జెండా అన్నా, కుర్రోళ్లు బాగా అడగతా ఉండారు అన్నాడు, నాకు చూడ్డానికి నచ్చింది, అంతకుమించి నేనేం ఆలోచించలా.

సంక్రాంతికి మా పెద్దమ్మ కొడుకు అట్లాంటా నుంచి వచ్చినాడు, పన్నెండేళ్ల నుంచి ఆడే ఉండాడు. మైపాడు బీచికి పోదాం రా అన్నా అని బండి బయటికి తీసినా. అన్న ఎక్కబోయి ట్యాంకు చూసి ఆగిపోయినాడు. బొటనవేలితో స్టిక్కర్ మీద దుమ్ము తుడిచి, ఇది యాడ దొరికింది రా నీకు అన్నాడు. చెప్పినా. ఆటోలో పోదాం పద అని గమ్మున నడిచినాడు. దార్లో ఒక్క మాట లేదు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం, మా పాప చూడకముందే అది తీసెయ్ రా అన్నాడు. నేను రొవ్వంత గట్టిగానే అడిగినా, అది అమెరికాలో సౌత్ వాళ్ల జెండా కదన్నా, మనం మాది నెల్లూరు అని చెప్పుకున్నట్టు వాళ్లూ చెప్పుకుంటారు, అందులో తప్పేముంది అని. అన్న చెయ్యి కడుక్కోని లేచిపోయినాడు, పెద్దమ్మ నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలా.

నెట్‌లో చూస్తే ఇది మా తాతల జ్ఞాపకం, మా ప్రాంతం గుర్తు అనేవాళ్లు కొందరు, బానిసల్ని పెట్టుకున్నోళ్ల జెండా అనేవాళ్లు కొందరు, ఇద్దరూ గట్టిగానే చెబుతుండారు. నా మనసులో ఆ ఉద్దేశమే లేనప్పుడు నెల్లూరులో నా బండి మీద ఉంటే ఎవరికి నొప్పి? తిట్టినా పర్లేదు గానీ వివరంగా చెప్పండి.

---

కందుకూరు_ఆడబిడ్డ:

తమ్ముడూ, మీ అన్న అన్నం దగ్గర నుంచి లేచిపోయాడంటే నాకు అర్థమైంది. మేము సౌత్ కరొలినా రాజధాని కొలంబియాలో ఏడేళ్లు ఉన్నాం, 2015లో అక్కడే. దాన్ని అక్కడ కాన్ఫెడరేట్ జెండా అంటారు. వాళ్ల అసెంబ్లీ భవనం ముందు, 1861-65లో అమెరికా ఉత్తరాది, దక్షిణాది కొట్టుకున్న అంతర్యుద్ధంలో చచ్చిపోయిన దక్షిణాది సైనికుల స్తంభం పక్కన ఎగురుతా ఉండేది. మొదట్లో నేనూ అది ఏదో రాష్ట్రం జెండా అనుకున్నా, దాని ముందు నిలబడి ఫోటో కూడా దిగాం, ఆ ఫోటో మా అత్తగారింట్లో టీవీ మీద చాలా రోజులు ఉంది.

2015 జూన్ 17 బుధవారం రాత్రి, చార్ల్‌స్టన్‌లో ఇమ్మాన్యుయేల్ చర్చి అని నల్లవాళ్ల పాత చర్చి, బైబిల్ స్టడీ జరుగుతుంటే ఒక తెల్ల కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. వాళ్లు రమ్మని చోటిచ్చారు. దగ్గర దగ్గర గంట వాళ్లతోనే కూర్చుని, ప్రార్థనకి కళ్లు మూసుకున్నప్పుడు కాల్చాడు. తొమ్మిది మంది పోయారు. పాస్టరు క్లెమెంటా పింక్నీ కూడా పోయాడు, ఆయన రాష్ట్ర సెనేటర్ కూడా. ఆ కుర్రాడు ఇదే జెండా పట్టుకుని దిగిన ఫోటోలు తర్వాత బయటికి వచ్చాయి.

ఇంక నేను మర్చిపోలేనిది ఏంటంటే, అమెరికా జెండా, రాష్ట్రం జెండా రెండూ సగానికి దించారు, ఈ జెండా మాత్రం పైనే ఉంది, ఎందుకంటే దాన్ని కదపాలంటే అసెంబ్లీలో చట్టం కావాలంట. పింక్నీ శవపేటిక అసెంబ్లీ భవనంలో జనం చూడ్డానికి పెట్టినప్పుడు లోపల్నుంచి ఆ జెండా కనపడకుండా కిటికీకి నల్లగుడ్డ కట్టారు. చచ్చిపోయిన మనిషికి అది కనపడకూడదని గుడ్డ కట్టాల్సి వచ్చిందంటే ఇంక దాని అర్థం ఏంటని ఎవర్ని అడగాలి చెప్పు.

జూన్ 27న బ్రీ న్యూసమ్ అనే అమ్మాయి స్తంభం ఎక్కి దాన్ని విప్పింది, కిందకి దిగగానే పోలీసులు అరెస్టు చేశారు, మళ్లీ ఎక్కించారు. జులై 9న గవర్నర్ నిక్కీ హేలీ చట్టం మీద సంతకం పెట్టింది (ఆమె మన పంజాబీ సిక్కుల బిడ్డ), 10న పొద్దున పదింటికి దించారు. మా పెద్దోడిని భుజాల మీద ఎక్కించుకుని మా ఆయన, నేను ఆ జనంలో ఉన్నాం. నా పక్కన ఒక నల్ల పెద్దావిడ, మా అమ్మమ్మ వయసుంటుంది, జెండా దిగుతున్నంతసేపు నా చెయ్యి పట్టుకుని ఉంది. నేనెవరో ఆమెకి తెలీదు. అంతా అయిపోయాక నా అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది, అది ఆమె చెమటో నాదో కూడా తెలీదు.

ఆ రాత్రే మా అత్తగారికి ఫోన్ చేసి టీవీ మీద ఫోటో తీసెయ్యమన్నా.

---

పొదలకూరు_నిమ్మతోట:

అక్కా మీరు చెప్పింది చదివితే బాధేసింది, ఆ కుర్రాడు చేసింది రాక్షసపని, దాంట్లో రెండో మాట లేదు. కానీ ఒక పక్కే చెబితే న్యాయం కాదు కాబట్టి రాస్తున్నా. నేను జార్జియాలో ఒక పల్లెటూరి పక్కన తొమ్మిదేళ్లుగా ఉంటున్నా. మా పక్కింటి పెద్దాయన వరండాలో ఇదే జెండా ఉంటుంది. ఒకసారి తుఫానుకి చెట్టు విరిగి మా కారు మీద పడితే, పిలవకుండానే రంపం తెచ్చుకుని వానలో నాలుగు గంటలు కోసి తీశాడు. మా ఆవిడ నెల్లూరు చేపల పులుసు పెడితే మామిడికాయ ముక్క కూడా వదలకుండా తిని గిన్నె తిరిగిచ్చాడు. అడిగితే, మా ముత్తాత నాన్న ఆ యుద్ధంలో చచ్చిపోయాడు, పందొమ్మిదేళ్లు, శవం కూడా ఇంటికి రాలా, ఈ జెండా ఆయన కోసం అంటాడు. వాళ్లకి బానిసలు లేరు, పొలమే సరిగ్గా లేదంట. ఆ సైన్యంలో చానామంది అట్టాంటోళ్లే, సొంతానికి ఒక్క బానిస కూడా లేని రైతుబిడ్డలు.

అట్టాంటి మనిషిని పట్టుకుని నువ్వు ద్వేషం జెండా పెట్టుకున్నావు అని నేను ఎట్టా అనేది? ప్రాంతం మీద మమకారం అనేది ఉంటుంది కదా. ఉత్తరాది వాళ్లు వీళ్ల యాసని ఎగతాళి చేస్తారు, టీవీలో వెక్కిరిస్తారు. మన నెల్లూరు యాసని సినిమాల్లో నవ్వులాటకి వాడితే మనకి ఎట్టుంటుందో అట్టనే ఉంటుంది వాళ్లకి. ఆ ఉక్రోషం కూడా ఆ జెండాలో ఉంది. అన్నీ కలిపి చూడండి అంటున్నా.

---

అద్దంకి_మాస్టారు:

నిమ్మతోట గారూ, మీ పక్కింటాయన మంచివాడే అని నేను నమ్ముతాను. ముప్పై ఒక్క ఏళ్లు సోషల్ చెప్పాను, పిల్లలు జెండాల గురించి అడిగినప్పుడల్లా నేను ఒకటే చెప్పేవాడిని, ఆ గుడ్డ మీద ఏముందో తర్వాత చూద్దాం, ముందు దాన్ని ఎవరు ఏ సంవత్సరం ఎగరేశారో చూడండ్రా అని. ఇక్కడ కూడా అదే చేద్దాం.

ముందు ఒక సంగతి. ఆ దేశానికి, అంటే 1860-61లో అమెరికా నుంచి విడిపోయిన 11 దక్షిణ రాష్ట్రాల కూటమికి, ఇది మొదటి జాతీయ జెండా కాదు. మొదటిది మూడు అడ్డపట్టీలు, మూలన నీలం గడిలో నక్షత్రాలు. అది అమెరికా జెండాలాగే ఉండడంతో 1861 జులైలో మనాసస్ దగ్గర యుద్ధంలో పొగలో ఎవరు మనవాళ్లో తెలియక తికమకపడ్డారు. అందుకని యుద్ధభూమిలో గుర్తు పట్టడానికి ఈ ఇంటూ మార్కు జెండా వచ్చింది. ఆ 13 నక్షత్రాల్లో రెండు కెంటకీ, మిస్సోరీలవి, ఆ రెండూ పూర్తిగా విడిపోలేదు కూడా. కాబట్టి ఇది పుట్టడమే సైన్యం జెండాగా పుట్టింది. ఆ సైన్యం దేనికోసం అంటే వాళ్ల ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్సే 1861 మార్చి 21న సవానాలో దాచుకోకుండా చెప్పాడు, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడు, బానిసత్వం వాడికి సహజస్థితి, ఆ సత్యమే మా ప్రభుత్వానికి మూలరాయి అని. మిసిసిపీ విడిపోతూ రాసుకున్న ప్రకటనలో కూడా మొట్టమొదటే బానిసత్వంతోనే మా ఉనికి ముడిపడి ఉంది అని ఉంటుంది. ఇవి శత్రువులు అంటగట్టిన మాటలు కావు, వాళ్లు సొంతంగా చెప్పుకున్నవి.

1865లో ఓడిపోయారు. తర్వాత చాలా ఏళ్లు ఈ జెండా ఎక్కువగా స్మశానాల్లో, సైనికుల సంఘాల్లోనే కనపడింది. మీ పక్కింటాయన చెప్పే దుఃఖం ఆ కాలానిది, అది నిజమైన దుఃఖం. వాళ్ల సేనాని రాబర్ట్ లీ 1869లో ఒక ఉత్తరంలో యుద్ధం గాయాల్ని రేపుకుంటూ కూర్చోకపోవడం మంచిది అని రాశాడు. ఆయన మాట విని ఉంటే ఇవాళ మనం ఇది మాట్లాడుకునేవాళ్లం కాదు.

మరి మళ్లీ ఎప్పుడు లేచింది? 1948లో. ప్రెసిడెంట్ ట్రూమన్ నల్లవాళ్లకి హక్కులు అనేసరికి దక్షిణాది నాయకులు కొందరు ఆయన డెమోక్రటిక్ పార్టీలోంచి బయటికి వచ్చి వేరు కుంపటి పెట్టారు, వాళ్ల సభల్లో ఈ జెండాలు ఊపారు. 1954లో తెల్ల పిల్లలకి నల్ల పిల్లలకి వేరువేరు బళ్లు చెల్లవు అని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1956లో జార్జియా తన రాష్ట్ర జెండాలో సగానికి పైగా ఈ గుర్తు పెట్టుకుంది. 1961లో, యుద్ధం మొదలై నూరేళ్లయిందని చెప్పి, సౌత్ కరొలినా అసెంబ్లీ గుమ్మటం మీద ఎక్కించింది, ఉత్సవం అయిపోయినా దించలేదు, 2000లో గుమ్మటం మీద నుంచి ముందున్న స్తంభం దగ్గరికి మార్చారు, అక్కడ్నుంచి కథ కందుకూరు అమ్మాయి చెప్పింది. తాతల మీద ప్రేమే అయితే యుద్ధం అయ్యాక తొంభై ఏళ్లకు పైగా ఆ అసెంబ్లీ మీద దాన్ని ఎందుకు ఎగరెయ్యలేదు? నల్ల పిల్ల తెల్ల పిల్ల పక్క బెంచీలో కూర్చుంటుంది అనగానే తాత ఎందుకు గుర్తొచ్చాడు?

ఇంకొకటి, ప్రాంతం గుర్తు అంటున్నారు కదా. 1860 లెక్కల్లో సౌత్ కరొలినాలో, మిసిసిపీలో సగం జనం కంటే ఎక్కువ మంది బానిసలే. మొత్తం దేశంలో దాదాపు 40 లక్షల మంది. ఆ మట్టి దున్నింది, ఆ పత్తి తీసింది వాళ్లు. సౌత్ వాళ్ల జెండా అన్నప్పుడు మరి వీళ్లు సౌత్ వాళ్లు కాదా? ఊళ్లో సగంమందిని లెక్కలోంచి తీసేసి మా ఊరి గుర్తు అంటే అది ఊరి గుర్తు ఎట్టా అవుతుంది నాయనా.

పత్తి అన్నాను కాబట్టి ఒక్క మాట. ఆ యుద్ధం మనకి తగలని యుద్ధం కాదు. ఉత్తరాది ఓడలు దక్షిణాది రేవుల్ని అడ్డుకునేసరికి ఇంగ్లండులో లాంకషైర్ మిల్లులకి పత్తి ఆగిపోయి వాళ్ల చూపు మన పత్తి మీద పడింది. గుంటూరు వైపు పత్తి కాకినాడ రేవులో ఓడలెక్కింది, ఆ రేవు పెద్దదవడానికి ఆ నాలుగేళ్లు ఒక కారణం. 1865లో యుద్ధం అయిపోగానే ధర దిగిపోయింది. ఇది చెప్పినప్పుడు క్లాసులో పత్తిరైతుల పిల్లలు తలెత్తి చూసేవాళ్లు.

---

ప్రార్థన_కొండ_కింద (ఒంగోలు):

మాస్టారు గారూ నమస్తే. మీరు పత్తి చెప్పారు, నేను చర్చి చెబుతా, ఎందుకంటే ఆ జెండా గొడవకి మా ఇంటికి కూడా సంబంధం ఉంది, ఈ ప్రశ్న చూసి నిన్న రాత్రి నిద్రపట్టక ఇది రాస్తున్నా.

మాది ఒంగోలు, బాప్టిస్టులం, మాదిగలం. మా నాయనమ్మ వాళ్ల తాత 1878 జులై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్న 2,222 మందిలో ఒకడు అని మా ఇంట్లో చెప్పుకుంటారు. అంతకుముందు కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకి కూలి చూపించాడు, మట్టి తట్టలు మోసి బతికారు. ఆ మిషన్ నెల్లూరులో మొదలై, ఎన్నేళ్లైనా జనం చేరట్లేదని అమెరికాలో మూసేద్దామనుకున్నారు, మ్యాపులో ఒంటరిగా ఉన్న చుక్క చూసి ఒంటి నక్షత్రం మిషన్ అని పేరొచ్చింది. 1854 జనవరి 1 తెల్లారుజామున అదే మిషన్‌లోని జువెట్ దొరగారు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు, అందుకే నా పేరు ఇట్లా పెట్టుకున్నా. ఇప్పటికీ కొత్త సంవత్సరం నాడు చీకటితో ఆ కొండెక్కితే రాళ్లు చల్లగా పాదాలకి తగులుతుంటాయి, కింద ఊళ్లో లైట్లు ఒక్కొక్కటే ఆరుతుంటాయి.

ఇదంతా ఎందుకంటే, అమెరికాలో బాప్టిస్టులు 1845లోనే రెండుగా చీలిపోయారు. బానిసలున్న మనిషి మిషనరీగా పనికొస్తాడా అనే దాని మీద. దక్షిణాది వాళ్లు జార్జియాలోని అగస్టాలో వేరే సంఘం పెట్టుకున్నారు. మన నెల్లూరు ఒంగోలు మిషన్ ఉత్తరాది వాళ్లది. అంటే అంటరానోళ్లని ఊరు తోసేసిన మావాళ్ల దగ్గరికి వచ్చి బడి పెట్టి అక్షరం చెప్పింది ఆ చీలికలో ఉత్తరం పక్కన ఉన్నవాళ్లు. దక్షిణాది సంఘం 1995లో బానిసత్వం విషయంలో క్షమాపణ అడిగింది, 2016లో ఆ జెండా ఇంక ఎగరెయ్యొద్దని తమ విశ్వాసుల్ని కోరుతూ తీర్మానం చేసింది. ఆ సంఘమే, ఆ ప్రాంతం వాళ్లే. నిమ్మతోట అన్నా, సౌత్ వాళ్లు అంటే మీ పక్కింటాయన ఒక్కడే కాదు, ఈ తీర్మానానికి చెయ్యెత్తిన వాళ్లు కూడా సౌత్ వాళ్లే.

నెల్లూరులో ఎవరికి నొప్పి అని అడిగావు తమ్ముడూ. 1985 జులై 17న కారంచేడులో మా మాదిగల్లో ఆరుగురిని చంపితే మిగిలినోళ్లు పిల్లల్ని చంకనేసుకుని చీరాల వచ్చి తలదాచుకున్నారు, మా అమ్మకి అప్పుడు ఇరవై ఏళ్లు, వాళ్లకి అన్నం వండి పంపింది. ఆ తర్వాత బస్సులో ఎవరైనా మా ఊరి పౌరుషం అని మీసం మీద చెయ్యేస్తే అమ్మ కిటికీ వైపు తిరిగేది. ఆ మాట అన్నవాడికి ఆరోజు సంగతి మనసులో కూడా ఉండకపోవచ్చు. అమ్మకి మాత్రం ఉంటుంది. నీ ట్యాంకు మీద ఆ జెండా చూసినప్పుడు మీ అన్నకి కలిగింది అదే అనుకుంటా.

---

పొదలకూరు_నిమ్మతోట:

చెల్లీ, చదివినా. రెండుసార్లు చదివినా. దీనికి నా దగ్గర జవాబు లేదు. మా పక్కింటాయన మీద నాకున్న గౌరవం మారదు, కానీ ఆ జెండా ఆయనొక్కడిది కాదు అన్నది ఒప్పుకుంటున్నా. ఒక విషయం నేనే చెప్పాలి. మా ఊళ్లో కొరియర్ తెచ్చే నల్లబ్బాయి మా ఇంటి దాకా నడిచి వచ్చి ఇస్తాడు, ఆ పెద్దాయన డబ్బా మాత్రం గేటు దగ్గరే పెట్టి పోతాడు. ఇన్నేళ్లు అది చూసి కూడా ఎందుకో అడగలా.

జనం మారడం కూడా చూశాం లెండి, మిసిసిపీలో 2001లో ఓటింగ్ పెడితే మూడింట రెండొంతుల మంది దాకా ఈ గుర్తున్న పాత రాష్ట్ర జెండానే ఉంచమన్నారు, 2020లో అసెంబ్లీ తీసేశాక నవంబర్‌లో మళ్లీ ఓటేస్తే నూటికి 70 మందికి పైగా మాగ్నోలియా పువ్వున్న కొత్త జెండాకి ఓటేశారు. మాగ్నోలియా ఆ రాష్ట్రం పువ్వు, ఎవరి పెరట్లో అయినా పూస్తుంది.

---

కావలి_మెకానిక్:

మాటలు పెద్దోళ్లు చెప్పారు, పని నేను చెప్తా. బ్రదర్, స్టిక్కర్ మీద లక్కర్ కొట్టించావా లేదా అది చూస్కో ముందు. గోరుతో అంచు లేస్తే కొట్టలేదు అన్నట్టు. అప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తా మూల నుంచి అడ్డంగా నిదానంగా లాగు, నిలువుగా పైకి పీకితే పెయింట్ కూడా వస్తది. మిగిలిన గమ్ముకి కొబ్బరినూనె రాసి పావుగంట వదిలి గుడ్డతో తుడువు. థిన్నర్ మాత్రం పెట్టొద్దు, ట్యాంకు పొట్టు లేస్తది. లక్కర్ కింద ఉంటే పీకడం కుదరదు, నీళ్ల పేపర్ పట్టి ట్యాంకు మళ్లీ పెయింట్ కొట్టాల్సిందే.

ఇంకోటి, నా దగ్గరికి కూడా ఈ స్టిక్కర్లు వచ్చినయి హోల్‌సేల్ కట్టలో, ఇన్నాళ్లు ఏందో తెలీక అమ్మినా. ఇంక అమ్మను.

---

పెన్నా_గట్టు (నెల్లూరు):

అందరికీ చెప్తుండా, ఆదివారం పొద్దున తీసేసినా. లక్కర్ కింద లేదు, కావలి అన్న చెప్పినట్టే డ్రయ్యర్‌తో వచ్చింది, ఎడమ పక్క మాత్రం రొవ్వంత పెయింట్ లేచింది. ఎండకి మిగతా ట్యాంకు రంగు వెలిసిపోయింది గదా, స్టిక్కర్ ఉన్న చోట మాత్రం నల్లగా నిగనిగలాడతా, వెలుగు పడితే అదే ఆకారం కనపడతా ఉండాది. మాస్టారు గారు చెప్పిన ఆ 1956, 1961 సంవత్సరాలు నా మెదడులో తిరగతానే ఉండాయి, నేను అడగాల్సిన ప్రశ్న అది గదా, అర్థం ఏందని అడిగినా గానీ ఎప్పుడు ఎగరేసినారు అని అడగలా.

సాయంత్రం అన్నకి ఫోన్ చేసినా, ఆడ పొద్దున. తీసేసినా అన్నా అంటే కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత చెప్పినాడు. పోయిన సంవత్సరం పాప స్కూల్ బస్సు కోసం నిలబడి ఉంటే ఈ జెండా కట్టిన ట్రక్కు ఒకటి స్లో చేసి, మీ దేశానికి పోండి అని అరిచి, కూల్‌డ్రింక్ గ్లాసు విసిరి పోయినారంట. పాపకి తొమ్మిదేళ్లు. ఆరోజు నుంచి ఎర్ర ట్రక్కు ఏది కనపడినా వాళ్లమ్మ వెనక్కి పోతదంట. సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు ఈ సంగతి చెప్పలా, పెద్దమ్మకి కూడా తెలీదు. పండగ పూట ఎందుకులే అని గమ్మున ఉండాడు.

పాప మా ఇంట్లో నాలుగు రోజులు ఉండింది. బండి ఎక్కించుకో బాబాయ్ అని అడగతానే ఉండింది, అన్నే ఏదో ఒకటి చెప్పి తప్పించినాడు, నేనేమో బండికి పడతదని భయపడతా ఉండాడు అనుకున్నా. వేసవి సెలవులకి మళ్లీ వస్తారంట. ఆ లోపల ట్యాంకు పెయింట్ మొత్తం కొట్టిస్తా, ఆ మచ్చ కూడా కనపడకుండా. పాపకి ఏ రంగు ఇష్టమో కనుక్కోమని అన్నకి చెప్పినా.